చివరగా, సమయం మిగిలితే, రచయిత

పుస్తకావిష్కరణ ఆహ్వానపత్రం ఏది తీసుకున్నా వరస ఒకటే. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, తొలి ప్రతి స్వీకర్త, పుస్తక పరిచయకర్త, సమీక్షకులు, 'స్పందన' అనే శీర్షిక కింద ఓ అరడజను మంది, సభా నిర్వహణ, వందన సమర్పణ. ఈ బారులో ఎక్కడో చివర, వందన సమర్పణకు ఒక్క మెట్టు పైన, అక్షరాల సైజు బాగా తగ్గించి, 'రచయిత ప్రతిస్పందన' అని ఉంటుంది. అంటే తన పుస్తకంలోంచి ఏదో చదువుతాడని కాదు. కన్నవాళ్లకు, చదువు చెప్పిన గురువులకు, డీటీపీ చేసిన అమ్మాయికి, ముఖచిత్రం వేసినాయనకు, ఇన్నాళ్లూ ఓర్చుకున్న ఇల్లాలికి పేరుపేరునా దండాలు పెడతాడు. అదీ హాలు వాచ్‌మన్ వెనక వరస ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తుంటే. ఆరు గంటలకని వేసి ఏడుంబావుకు మొదలైన సభ తొమ్మిదిన్నర దాకా సాగుతుంది. అందులో పుస్తకం గురించి మాట్లాడనివాళ్లు లేరు, పుస్తకంలోంచి ఒక్క పేజీ పైకి చదివినవాళ్లూ లేరు. పెసరట్టు విశిష్టత మీద రెండు గంటలు ఉపన్యసించి, పెసరట్టు మాత్రం పెట్టకుండా పంపించేసే హోటల్‌కి మనం రెండోసారి వెళ్లం. పుస్తకసభలకు మాత్రం వెళుతూనే ఉన్నాం. కొన్నాళ్లుగా నన్ను తొలుస్తున్న చిరాకు ఇదే. దానికి నేననుకునే మందూ చిన్నదే: పుస్తకసభ అన్నాక రచయిత తన పుస్తకం ఓ అరగంట చదవాలి, వచ్చినవాళ్లు వినాలి, అది హాల్లో కాకుండా పుస్తకాల షాపులో జరగాలి.

చదవకపోతేనేం, పుస్తకంలో ఏముందో వక్తలు చెబుతారుగా అనే అమాయకులు ఇంకా ఉంటే, వాళ్లు ఈమధ్య ఏ సభకూ వెళ్లలేదన్నమాట. వక్త ముందు రచయితతో తన పరిచయం చెబుతాడు. అది ఏ ఊళ్లో, ఏ ఉద్యోగంలో, ఏ రైల్లో మొదలైందో చెప్పేసరికి పావుగంట. 'పుస్తకం నిన్న రాత్రే చేతికందింది, పూర్తిగా చదివే భాగ్యం కలగలేదు గానీ అక్కడక్కడా తిరగేశాను' అని ఒప్పుకోవడం మర్యాద. ఆ తిరగేసింది ముందుమాటని తరవాత మాటల్లో తెలిసిపోతుంది. రెండో వక్తకు ముందుమాట కూడా మిగలదు కాబట్టి ఆయన వెనక అట్ట మీదికి వెళతాడు. మూడో ఆయన 'నా ముందు మాట్లాడిన పెద్దలు అన్నీ చెప్పేశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు' అని మొదలెట్టి, ఆ లేనిదాన్ని ఇరవై నిమిషాలు చెబుతాడు. చీటీ అందితే దాన్ని చూసి, మడిచి, జేబులో పెట్టుకుని, 'రెండు నిమిషాల్లో ముగిస్తాను' అంటాడు. తెలుగు సభల్లో కాలానికి ఉన్న సాగే గుణం మీద భౌతికశాస్త్రం వాళ్లు ఇంకా దృష్టి పెట్టలేదు.

ఇక్కడ అసలు వాదన కాసేపు ఆపి గిఫ్టు కాగితం గురించి మాట్లాడాలి. ఎందుకంటే దాని గురించి ఇంతవరకూ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆవిష్కరించబోయే పుస్తకం ముఖచిత్రం పదిహేను రోజులుగా వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. వేదిక వెనక ఫ్లెక్సీ మీద గుమ్మమంత సైజులో అదే బొమ్మ. గుమ్మం దగ్గర బల్ల మీద ఇరవై శాతం తగ్గింపుతో అవే పుస్తకాలు దొంతరలుగా. అయినా వేదిక మీది పుస్తకాలు మాత్రం రహస్యం. వాటిని రచయిత తరపు బంధువెవరో ముందురోజు రాత్రి ఎంతో శ్రద్ధగా మెరుపు కాగితంలో చుట్టి, నాలుగు పక్కలా సెల్లోటేపు వేసి, మీద ఎర్ర రిబ్బను కట్టి ఉంటారు. కాగితం ఫ్యాన్సీ షాపులో దొరికిన రకం కాబట్టి దానిమీద బెలూన్లుంటాయి, గులాబీలుంటాయి, ఒక్కోసారి టెడ్డీబేర్లుంటాయి. కరువు మీద రాసిన దీర్ఘకవిత టెడ్డీబేర్ల కాగితంలోంచి బయటపడుతుంది. పట్టుపరికిణీ అమ్మాయి పళ్లెంలో తెచ్చిన ఆ పొట్లాన్ని ముఖ్య అతిథి అందుకుని రిబ్బను ఒక కొస లాగుతారు. అది పీటముడి పడుతుంది. రిబ్బను వదిలేసి కాగితం మూల గోటితో గీకుతారు. డెబ్భై దాటిన పెద్దమనిషికి ఆ వయసులో గోళ్లెక్కడివి? ఇంతలో పక్కనున్న విశిష్ట అతిథి తన పొట్లం చకచకా విప్పేసి, పెద్దాయన కంటే ముందు ఆవిష్కరించడం మర్యాద కాదు కనక మళ్లీ కప్పుకుని నిలబడతారు. ఫొటోగ్రాఫరు 'సార్, ఇటు చూడండి' అంటాడు. కత్తెర కోసం కేక పడుతుంది. అంతమంది అక్షరజీవులున్న హాల్లో ఒక్క కత్తెర ఉండదు. చివరికి ఎవరో స్కూటర్ తాళంచెవి ఇస్తారు. దాంతో టేపు తెగుతుంది, అట్ట మీద ఒక గీతా పడుతుంది. ఆ పుస్తకానికి దక్కిన మొదటి విమర్శ అదే. కొన్నిసార్లు చివరిదీ అదే. తరవాత అందరూ వరసగా నిలబడి పుస్తకాలను గుండెలకు ఆనించుకుని ఫొటో దిగుతారు. అందులో ఒకరు తలకిందులుగా పట్టుకుంటారు, ఒకరు వెనక అట్ట చూపిస్తారు. చింపిన కాగితం వేదిక మీద కాళ్లకు చుట్టుకుంటూ ఉంటుంది. వందన సమర్పణాయన ఎవరూ చూడనప్పుడు దాన్ని ఏరి కుర్చీ కింద దోపుతాడు. టేపు లేకుండా కడితే సరిపోతుందని, కొస లాగితే ఊడిపోయే ముడి వెయ్యవచ్చని, అసలు చుట్టకుండానే ఉండవచ్చని సూచించిన సంస్కర్తలు లేకపోలేదు. వాళ్లనెవరూ వేదిక మీదికి పిలవరు. పూర్వం ఇంతకన్నా ఘనంగానే చేసేవారన్నది నిజమే. పెద్దన కాలికి రాయలు స్వయంగా గండపెండేరం తొడిగాడని, పల్లకీ బొంగు తానూ పట్టాడని ప్రతీతి. కానీ ఆ కథలో కూడా పెద్దన ముందు సభలో పద్యం చదివాడు, సభ విన్నది, ఆ తరవాతే గండపెండేరం. మనం చదివే ఘట్టం ఎగరగొట్టి పెండేరం మాత్రం ఉంచుకున్నాం. అది కూడా శాలువాగా మారింది.

ఇక వాదనలోకి. తెలుగువాడికి చదివి వినిపిస్తే ఎక్కదని, సాహిత్యం ఒంటరిగా కూర్చుని కళ్లతో చదువుకునేదని ఎవరైనా అంటే మన చరిత్ర ఒప్పుకోదు. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, అచ్చయింది 1897లో. అంటే ఐదేళ్లపాటు దాని గురించి తెలిసినవాళ్లంతా విన్నవాళ్లూ చూసినవాళ్లే. జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు పుస్తకం కొన్నవాళ్ల కంటే 'హరిశ్చంద్ర' నాటకం కాటిసీనులో విన్నవాళ్లకే ఎక్కువ తెలుసు. అక్షరం ముక్క రాని రైతులు తెల్లవారుజామున చలిలో గొంగళి కప్పుకుని కూర్చుని, పద్యం కాగానే 'వన్స్ మోర్' అని అరిచి మళ్లీ పాడించుకునేవారు. పుస్తకసభలో ఏ వక్తకైనా 'వన్స్ మోర్' పడిన దాఖలా ఉంటే చూపించండి, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను. 'మహాప్రస్థానం' సంగతి ఇంకా విచిత్రం. చలం దానికి యోగ్యతాపత్రం రాసింది 1940లో, పుస్తకం వచ్చింది 1950లో. (ముందుమాట పుస్తకం కంటే పదేళ్లు ముందు తయారవడం మన సంప్రదాయానికి తగినట్టే ఉంది.) ఈలోపు ఆ గీతాలు పత్రికల్లోనూ, అంతకంటే ఎక్కువగా నోళ్లలోనూ నలిగాయి. పుస్తకం వచ్చేనాటికే కుర్రకారుకి అవి కంఠోపాఠం. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి ఆ పుస్తకాన్ని శ్రీశ్రీ సొంత దస్తూరీతో వేసినప్పుడు, ఆయన గొంతుతో చదివించిన క్యాసెట్ కూడా జత చేశారు. అచ్చుకు గొంతు తోడుండాలని ఆయనకు తట్టింది. అయినా ఇవాళ హాలు బుక్ చేసేవాళ్లకు తట్టడం లేదు.

అవి పద్యాలూ నాటకాలూ కాబట్టి చెల్లింది, ఇవాళ్టి కథలు వినడానికి రాసినవి కావు అనే అభ్యంతరం ఉంది. వినసొంపైన అభ్యంతరమే. కానీ నామిని 'మిట్టూరోడి కథలు' శ్రీకాకుళం పాఠకుడు కళ్లతో చదివితే ప్రతి వాక్యం దగ్గరా కాలు తడబడుతుంది. చిత్తూరు గొంతులో వింటే అదే వాక్యం దానంతటది నడుస్తుంది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు యాసలో వింటేనే అందులోని సగం నవ్వు బయటికొస్తుంది. రావిశాస్త్రి వాక్యం కోర్టు వరండాలో సాక్షి చెప్పుకుపోతున్నట్టు ఒకటే తీరుగా మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. ఆ తిప్పుడు చెవికి తెలిసినట్టు కంటికి తెలియదు. వినేవాళ్లు లేరనడానికీ వీల్లేదు. 'హర్షణీయం' పాడ్‌కాస్టు, 'దాసుభాషితం' శ్రవణ పుస్తకాలు ఎవరికోసం నడుస్తున్నాయి? డాలస్‌లో కారు నడుపుతూ, మణికొండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని, వంటింట్లో బెండకాయలు తరుగుతూ తెలుగు కథలు వినేవాళ్లున్నారు. ప్రవచనాలకైతే మైదానాలు చాలవు. రెండు గంటలు కిమ్మనకుండా వినగలిగిన జాతి, పుస్తకం హాల్లోకి రాగానే వినే శక్తి కోల్పోతుందనుకోవడానికి ఆధారం లేదు.

రచయితలకు చదవడం రాదన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజముంది. తల కిందికి వేలాడేసి, మైకుకు మూరెడు దూరంలో, రేషన్ కార్డుల జాబితా పిలుస్తున్నట్టు చదివేవాళ్లున్నారు. కానీ చదవడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. చార్లెస్ డికెన్స్ 1853లో బర్మింగ్‌హాంలో ధర్మకార్యం కోసం తన కథ చదివి, 1858 నుంచి టికెట్టు పెట్టి చదివాడు. ఆయనంతటివాడు కూడా అచ్చయిన పుస్తకాన్ని ఉన్నదున్నట్టు చదవలేదు. వేదిక కోసం విడిగా ప్రతులు తయారు చేసుకుని, సాగే భాగాలు కొట్టేసి, ఎక్కడ గొంతు తగ్గించాలో ఎక్కడ చెయ్యెత్తాలో అంచుల్లో రాసుకున్నాడు. మన రచయిత ఆహ్వానపత్రంలో పేర్ల వరస ఎవరికీ నొప్పి తగలకుండా సర్దడానికి పెట్టే శ్రమలో నాలుగోవంతు ఈ పని మీద పెడితే చాలు. గొంతు బొత్తిగా సహకరించకపోతే రేడియో నాటకాల్లో పండిన వాళ్లున్నారు, రంగస్థలం వాళ్లున్నారు. వాళ్లలో ఒకరిని పిలిచి, శాలువాల లెక్కలోంచి పారితోషికం ఇవ్వవచ్చు.

ఇదంతా పుస్తకాల షాపులోనే ఎందుకంటే, షాపు చిన్నది కనక. నా వాదనలో బలమైన అంశం ఇదే. విజయవాడ ఏలూరు రోడ్డులో గాని, హైదరాబాద్ కాచిగూడలో గాని, పుస్తకాల షాపు అంటే రెండు బీరువాల మధ్య ఒక మనిషి పట్టే సందు, గల్లాపెట్టె ముందు ఓ పాతికమంది నిలబడే చోటు. అక్కడ వేదిక ఉండదు. వేదిక లేనప్పుడు ఎవరినీ వేదికనలంకరించమని పిలవడం కుదరదు. అంత కాగితం మధ్య జ్యోతి ప్రజ్వలన చేస్తామంటే షాపు యజమానే చేతులెత్తి దండం పెడతాడు. శాలువా కప్పాలంటే చెయ్యి చాపాలి, చాపితే మోచెయ్యి తగిలి నిఘంటువులు కింద పడతాయి. అధ్యక్షుడికి కుర్చీ వేస్తే శ్రోతలకు దారి మూసుకుపోతుంది. ఇన్నేళ్లుగా ఏ సంస్కర్తా తీసెయ్యలేకపోయిన ఆచారాలన్నిటినీ ఒక్క ఇరుకు షాపు తీసేస్తుంది. చోటు చాలదంటారా, సభకు వచ్చేది మాత్రం ఎంతమంది? మూడు వందల కుర్చీల హాల్లో ముప్పైమంది కూర్చుంటే రచయిత ఉసూరుమంటాడు. అదే ముప్పైమంది షాపులో ఉంటే నలుగురు గుమ్మం బయట మెట్ల మీద నిలబడాల్సి వస్తుంది, లోపల జనం కిటకిటలాడారని మర్నాడు పేపరువాళ్లు నిజాయితీగానే రాసుకోవచ్చు. ఈ పద్ధతి పరీక్షకు నిలిచింది కూడా. పారిస్‌లో సిల్వియా బీచ్ 1919లో పెట్టిన 'షేక్స్‌పియర్ అండ్ కంపెనీ' 1936 నాటికి మూతపడే స్థితికొస్తే, ఆంద్రే జీద్ పూనుకుని సభ్యత్వాలు కట్టించాడు. ఏడాదికి 200 ఫ్రాంకులు, సభ్యులు 200 మంది మాత్రమే, ఎందుకంటే షాపులో అంతకు మించి పట్టరు. సభ్యులకు దక్కింది రచయితల నోట రచనలు వినే అవకాశం. జీద్ చదివాడు, వలేరీ చదివాడు, టి.ఎస్. ఇలియట్ చదివాడు. షాపు నిలబడింది. 1941లో మూతపడటానికి కారణం పారిస్‌లోకి వచ్చిన జర్మన్లు గాని, పద్దుల పుస్తకం కాదు.

చదివేస్తే ఇంక ఎవరు కొంటారు, కథ బయటపడిపోదా అనేవాళ్లకు ఒకటే ప్రశ్న: ఇప్పుడు ఎవరు కొంటున్నారు? రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వేసిన రోజుల్లో సినిమా మొత్తం గంటలో చెవిన పడేది. డైలాగులన్నీ నోటికొచ్చినవాళ్లే మళ్లీ టికెట్ కొనుక్కుని హాలుకి వెళ్లి, తెర మీది మనిషి కంటే అరసెకను ముందు వాటిని చెప్పి పక్కవాళ్ల ప్రాణం తీసేవారు. విన్నది మళ్లీ కావాలనిపించడం మనిషి గుణం. షాపులో అయితే విన్న చోటికీ బిల్లు పుస్తకానికీ నాలుగడుగుల దూరం. హాల్లో అయితే మధ్యలో టీ, బిస్కెట్లు, చెప్పుల వెతుకులాట, ఆఖరి బస్సు అడ్డం వస్తాయి.

అయితే ఈ అభ్యంతరాలేవీ అసలు అడ్డంకి కాదేమో. తెలుగులో ఇవాళ చాలా పుస్తకాలకు రచయితే ప్రచురణకర్త. పీఎఫ్ డబ్బుల్లోంచో, అమ్మాయి పంపినదాంట్లోంచో తీసి ఐదువందల కాపీలు వేయించుకుంటాడు. 'ప్రతులకు' అన్నచోట తన ఇంటి చిరునామా రాసుకుంటాడు. కట్టలు మంచం కిందికి చేరతాయి. ఉత్తరం రాసే పాఠకుడు లేడు, సమీక్ష వేసే పేజీ కుంచించుకుపోయింది. ఆ సాయంత్రం నలుగురు పెద్దలు తన గురించి మాట్లాడటమే అతనికి దక్కే కూలి. పొగడ్త ఎలాగూ ఖాయం, అతిథులు చదవకపోయినా పొగుడుతారు. చదవడం అలా కాదు. చదువుతుంటే ఎదుటివాళ్ల మొహాలు కనిపిస్తాయి. నవ్వాల్సిన చోట నవ్వు రాకపోతే తెలిసిపోతుంది. ఎవరైనా ఫోన్ తీస్తే తెలిసిపోతుంది. ఇన్నేళ్లు రాసిందంతా ఎవరికి పట్టిందో ఎవరికి పట్టలేదో అరగంటలో తేలిపోతుంది. పైగా ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా మంచం కింద కట్టలున్నవాళ్లే. మీ సభకు నేనొస్తే నా సభకు మీరు రావాలి. ఈ ఒప్పందంలో ఎవరూ ఎవరినీ వినిపించమని అడగరు, అడిగితే తామూ వినిపించాల్సి వస్తుంది. దీన్ని వెక్కిరించడం తేలిక. కానీ ఇంకో దారి లేక ఏర్పాటు చేసుకున్న గౌరవం అది, దాన్ని లాగేసుకోమనడానికి నాకూ నోరు రావడం లేదు.

కాబట్టి అతిథులను పూర్తిగా తీసెయ్యమనడం లేదు. ముఖ్య అతిథి రానీ, ఆత్మీయ అతిథీ రానీ. వాళ్లను మాట్లాడవద్దంటే నొచ్చుకుంటారు, పైగా రేపు రచయితే వాళ్ల సభకు వెళ్లాలి. ఒక్క సవరణ చాలు: రచయిత అరగంట చదివాక, ప్రతి అతిథీ పుస్తకంలో తనకు బాగా నచ్చిన పేజీ ఒకటి తెరిచి పైకి చదవాలి. చదివితే చాలు, ఇంకేమీ మాట్లాడనక్కర్లేదు. ముందుమాటలోని పేజీలు చెల్లవు, వెనక అట్టా చెల్లదు. ఈ షరతు ఆహ్వానపత్రం మీద ముందే అచ్చు వేస్తే, ఎంతమంది అతిథులకు ఆ సాయంత్రమే ఊళ్లో ఇంకో సభ ఉందని గుర్తొస్తుందో చూడాలి. మిగిలిన ఒకరిద్దరి కోసం షాపులో స్టూళ్లు వేయిద్దాం.